ఇంట్లో చేసే క్రిస్మస్ అలంకరణలు – వాటి వెనుక ఉన్న విజ్ఞానం



డిసెంబరు రెండో వారం వచ్చేసరికి భిలాయిలో సాయంత్రాలు చల్లబడతాయి. సెక్టార్లలోని క్వార్టర్ల ముందు, ఖుర్సీపార్ వీధుల్లో, కాగితపు నక్షత్రాలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. సుపేలా బజారులోనో పవర్‌హౌస్ బజారులోనో ఒకటి కొని, మడత విప్పి, లోపల బల్బు పెడితే పని అయిపోతుంది. ధర కూడా పెద్దగా ఉండదు. అలాంటప్పుడు ఇంట్లో కూర్చుని వెదురు బద్దలు కట్టుకోవడం దేనికని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే.

కొన్న నక్షత్రం మొదటి రోజే చక్కగా ఉంటుంది. ఇంట్లో కట్టిన నక్షత్రం మొదట ఊగిపోతుంది, ఒక కొన పొడుగై మరో కొన పొట్టిదవుతుంది, కాగితం ముడతలు పడుతుంది. అలా ఎందుకైందో తెలుసుకుని సరిదిద్దుకునేటప్పుడు, మీరు పరీక్ష కోసం కంఠస్థం చేసిన త్రిభుజాలూ, ద్రావణీయతా, సాపేక్ష ఆర్ద్రతా చేతికి తగులుతాయి. ఈ పాఠంలో మనం చూడబోయేది అదే.

మీరు తొమ్మిదో తరగతిలో ఉన్నా, డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నా, మీ ఇంట్లోనో పక్కింట్లోనో నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఉంటారు. ఇక్కడ వాళ్లకు మీరే మాస్టార్లు. సాధారణంగా ఏం జరుగుతుందంటే, కొలవడం, కట్టడం, అతికించడం అంతా పెద్దవాళ్లు చేసేసి, చివర్లో చిన్నవాడి చేతికి మెరుపుల పొడి ఇచ్చి చల్లమంటారు. తనకు అసలు పని ఇవ్వలేదని వాడికి తెలిసిపోతుంది. ఐదు నిమిషాల్లో లేచి ఆటకు పోతాడు. అందుకని ఒక్కో వస్తువు దగ్గర చిన్నపిల్లలు సొంతంగా చేయగల పని ఏదో, వాళ్లను దూరంగా ఉంచవలసిన పని ఏదో చెబుతూ వస్తాను. ఆ రెండో రకంలో ప్రాణం మీదికి తెచ్చేవి కూడా ఉన్నాయి. వాటిని దాటవేయకుండా చదవండి.

ముందుగా రెండు మాటల్లో చరిత్ర. జర్మన్ ప్రాంతాల్లో క్రిస్మస్ చెట్టుకు తొలుత కట్టినవి ఆపిల్ పండ్లు, గింజలు, రొట్టెలు, కాగితపు పువ్వులు. 19వ శతాబ్దంలో థురింజియా ప్రాంతంలోని లౌషా అనే ఊరి గాజు పనివాళ్లు గాజు గొట్టాన్ని వేడిచేసి, ఊది, గుండ్రటి బుడగలు చేయడం మొదలుపెట్టారు. ఇవాళ బజారులో కనిపించే ప్లాస్టిక్ గోళాలు వాటికి నకళ్లే. సోవియట్ యూనియన్‌లో కొన్నేళ్లు నిరుత్సాహపరిచిన చెట్టు అలంకరణను 1935 చివర్లో నూతన సంవత్సరపు చెట్టుగా మళ్లీ అనుమతించారు. చెట్టు కొసన ఎర్ర నక్షత్రం పెట్టేవారు. దూదితోనూ అట్టతోనూ చేసిన బొమ్మలు కొమ్మలకు కట్టేవారు.

ఆ సోవియట్ దేశంతో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందంతోనే భిలాయి ఉక్కు కర్మాగారం పుట్టింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఊళ్లోని మైత్రీబాగ్ పేరు ఆ స్నేహానికి గుర్తు. ఆ కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన కుటుంబాలలో ఇప్పుడు మూడో తరం పిల్లలు బడికి వెళ్తున్నారు. కార్తీకమాసంలో ఆకాశదీపం ఎత్తిన చేతులకు వెదురు, కాగితం, వెలుగు కొత్తవి కావు. క్రిస్మస్ నక్షత్రానికి కావలసినవి కూడా అవే.

వెదురు నక్షత్రం

బుట్టలల్లేవాళ్ల దగ్గర సన్నటి వెదురు బద్దలు అడిగి తెచ్చుకోండి. 60 సెంటీమీటర్ల పొడవుతో పది బద్దలు కావాలి. కత్తితో చీల్చడం, అంచులు చెక్కడం మీరే చేయండి. చీల్చిన వెదురు అంచు బ్లేడులా కోస్తుంది, పేడు గుచ్చుకుంటే తీయడం కష్టం. గరుకు కాగితంతో బాగా రుద్దిన తరువాతే బద్దను పిల్లల చేతికి ఇవ్వండి. ఇంత పెద్దది వద్దనుకుంటే 15 సెంటీమీటర్ల కొబ్బరి ఈనెలతో చిన్న నక్షత్రం చేయవచ్చు. లెక్క ఒకటే.

ఇప్పుడు చిన్నవాళ్ల మొదటి పని. స్కేలు పెట్టి ప్రతి బద్ద మీదా రెండు గుర్తులు పెట్టించండి. ఈ కొస నుంచి 23 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, ఆ కొస నుంచి 23 సెంటీమీటర్ల దగ్గర ఒకటి. మధ్యలో 14 మిగులుతుంది. ఐదేళ్ల పిల్లకు అంకెలు చదవడం రాకపోతే, 23 సెంటీమీటర్లకు కత్తిరించిన అట్టముక్క ఇవ్వండి. ఆ అట్టను కొసకు ఆనించి గీత గీస్తే చాలు. (కర్మాగారంలో కూడా ఒకే కొలతను వందల సార్లు తీయవలసివస్తే స్కేలుకు బదులు ఇలాంటి 'గేజ్'నే వాడతారు.)

ఈ 23, 14 అన్న అంకెలు ఎక్కడివి? ఐదు కొనల నక్షత్రంలో ప్రతి గీతనూ మిగతా గీతలు రెండుచోట్ల ఖండిస్తాయి. అన్ని కొనలూ సమానంగా ఉన్న నక్షత్రంలో ఆ ఖండనలు ఎక్కడపడితే అక్కడ జరగవు. మొత్తం పొడవును 60 అనుకుంటే, ఒక కొస నుంచి దూరంగా ఉన్న ఖండన బిందువు సుమారు 37 దగ్గర, దగ్గరగా ఉన్నది సుమారు 23 దగ్గర వస్తాయి. 60ని 37తో భాగించండి. 37ని 23తో భాగించండి. 23ని 14తో భాగించండి. మూడుసార్లూ జవాబు 1.6కు కాస్త ఎక్కువగా వస్తుంది. మనం సెంటీమీటరుకు సవరించాం కాబట్టి చిన్న తేడాలున్నాయి. సరిగ్గా కొలిస్తే మూడూ 1.618కి చేరతాయి. గణితంలో దీన్ని స్వర్ణ నిష్పత్తి అంటారు. ఈనెల నక్షత్రానికి గుర్తులు 5.7, 3.6, 5.7 సెంటీమీటర్లు.

ఐదు బద్దలు నేలమీద నక్షత్రంలా పేర్చి, ముందు ఐదు కొనలను మాత్రమే దారంతో కట్టండి. ఇప్పుడు చిన్నవాణ్ణి పిలిచి రెండు కొనలు పట్టుకుని అటూ ఇటూ లాగమనండి. నక్షత్రం కుంగిపోతుంది, సాగుతుంది, ఏ ఆకారంలోకైనా మారిపోతుంది. తరువాత గుర్తుల దగ్గర బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్లా దారం బిగించండి. చిన్నవాళ్లు రెండు వేళ్లతో ఆ కూడలిని కదలకుండా పట్టుకుంటే మీరు ముడి వేయడం సులువు. మళ్లీ లాగమనండి. ఈసారి కదలదు. వాళ్ల ముఖంలో ఆశ్చర్యం కనిపిస్తుంది. ఈ రెండు పరీక్షలూ తప్పకుండా ఈ వరుసలోనే చేయించండి. ముందే అన్నీ కట్టేస్తే తేడా తెలియదు.

కారణం త్రిభుజం. నాలుగు పుల్లలను కొసల దగ్గర కట్టి చతురస్రం చేస్తే దాన్ని పక్కకు నొక్కి వాల్చవచ్చు. భుజాల పొడవు మారకుండానే కోణాలు మారిపోతాయి. మూడు పుల్లల త్రిభుజంలో అది కుదరదు. భుజాల పొడవులు నిర్ణయమైతే కోణాలు కూడా నిర్ణయమైపోయినట్లే. కూడళ్లు కట్టడంతో నక్షత్రానికి ఐదు కొనల దగ్గర ఐదు త్రిభుజాలు ఏర్పడ్డాయి. అవి మధ్యలోని పంచభుజిని కూడా కదలనివ్వవు. పవర్‌హౌస్ స్టేషను దగ్గర నిలబడి చూడండి. కరెంటు టవర్లు, షెడ్ల పైకప్పు దూలాలు, పాదచారుల వంతెన కింది కడ్డీలు అన్నిటిలోనూ మీకు త్రిభుజాలే కనిపిస్తాయి.

ఇదే విధంగా రెండో నక్షత్రం కట్టి, రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి, ఐదు కొనల దగ్గర మాత్రమే కలిపి కట్టాలి. తరువాత 8 సెంటీమీటర్ల చిన్న పుల్లలు ఐదు తీసుకుని, ఐదు కూడళ్ల దగ్గర రెండు నక్షత్రాల మధ్య నిలబెట్టాలి. పుల్లల కొసలకు చిన్న గాటు పెడితే జారవు. నక్షత్రం మధ్యలో ఉబ్బి, అంచుల దగ్గర సన్నబడుతుంది. వంగిన వెదురు తిరిగి నిటారుగా అవుదామని చూస్తుంది. ఆ ప్రయత్నమే మధ్య పుల్లలను రెండువైపులా నొక్కి పట్టుకుంటుంది. వెదురు ఇక్కడ స్ప్రింగు పని చేస్తోంది.

ఇంతలో మీరెంత జాగ్రత్తగా కట్టినా ఒక కొన వంకరగా వచ్చి, చిన్నది "నాది బాగా రాలేదు" అని ఏడుపు ముఖం పెట్టిందనుకోండి. విప్పేయకండి. కోణమానిని తీసుకుని ఐదు కొనల కోణాలూ కొలిచి కూడండి. అన్నీ సమానమైన నక్షత్రంలో ఒక్కో కొన 36 డిగ్రీలు, మొత్తం 180. వంకర నక్షత్రంలో ఒకటి 30, ఒకటి 41 ఉండవచ్చు. కానీ మొత్తం మాత్రం 180 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఎందుకో పదో తరగతి విద్యార్థి నిరూపించగలడు. ఏదో ఒక కొన దగ్గరి త్రిభుజాన్ని తీసుకోండి. దాని అడుగున ఉన్న రెండు కోణాల్లో ఒక్కొక్కటీ మరొక పెద్ద త్రిభుజానికి బాహ్యకోణం అవుతుంది. బాహ్యకోణం అంతరాభిముఖ కోణాల మొత్తానికి సమానం కదా. ఆ అంతరాభిముఖ కోణాలు మరేవో కావు, మిగతా నాలుగు కొనలే, రెండేసి చొప్పున. కాబట్టి ఐదు కొనల కోణాలూ కలిసి ఒకే త్రిభుజంలోకి వచ్చి చేరతాయి. కాగితం మీద బొమ్మ గీసి సరిచూసుకోండి. ఇది సౌష్ఠవం ఉన్న నక్షత్రానికే కాదు, మీ చెల్లెలి వంకర నక్షత్రానికి కూడా అంతే కచ్చితంగా వర్తిస్తుంది.

పైన గాలిపటాల కాగితం అతికించాలి. మైదా ఉడికించిన జిగురు చాలు. జిగురు పూయడం పూర్తిగా చిన్నవాళ్ల పనే. చేతులు పాడవుతాయి, పాడవనివ్వండి. పసుపు కాగితం మీద నీలి కాగితం కొంచెం కప్పేలా అతికిస్తే, దీపం వేసినప్పుడు ఆ భాగం ఆకుపచ్చగా కనిపిస్తుంది. కాగితం వెలుగుకు కొత్త రంగు కలపదు, తెల్లటి వెలుగులోని కొన్ని రంగులను ఆపేస్తుంది. రెండు కాగితాలూ ఆపకుండా వదిలిన రంగు మాత్రమే మన కంటికి చేరుతుంది.

వెనుకవైపు ఒక త్రిభుజానికి కాగితం అతికించకుండా వదిలేయండి. బల్బు పెట్టడానికీ, వేడి బయటికి పోవడానికీ అదే దారి. లోపల కొవ్వొత్తి గానీ నూనె దీపం గానీ ఎప్పుడూ పెట్టవద్దు. పాత తంతువు బల్బు కూడా వద్దు. అది తీసుకునే విద్యుత్తులో పదోవంతు కూడా వెలుగుగా మారదు, మిగిలినదంతా వేడే. దాని గాజు ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పల్చటి కాగితం దానికి తగులుకుని గంటల తరబడి ఉండటం మంచిది కాదు. తక్కువ వాట్ల ఎల్.ఇ.డి. బల్బు పెట్టండి. వైరు, హోల్డరు బిగించేటప్పుడు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి ఉంచాలి. ఆ పని పెద్దవాళ్లు చేయాలి.

ఒక చిన్న పక్కదారి. ఐరోపాలో పేరుపొందిన మొరేవియన్ నక్షత్రం 19వ శతాబ్దం మొదటి భాగంలో జర్మనీలోని నీస్కీ అనే ఊరి బడిలో రేఖాగణిత పాఠంగా పుట్టింది. 18 చతురస్రాలు, 8 త్రిభుజాలు, మొత్తం 26 ముఖాలున్న ఒక ఘనాకృతి తీసుకుని, ప్రతి ముఖం మీదా ఒక కాగితపు శంకువు లాంటి కొన అతికిస్తారు. వేలాడదీయడానికి ఒక చతురస్రం వదిలేస్తే 25 కొనలు. లెక్కల పీరియడులో చేసిన వస్తువు ఇళ్ల ముందుకు వచ్చిందన్నమాట. కళాశాల విద్యార్థులు సెలవుల్లో ప్రయత్నించవచ్చు. చిన్నపిల్లలకు మాత్రం ఇది ఓపికకు మించిన పని.

పటిక స్ఫటికాలు

మన భిలాయి పిల్లల్లో చాలామందికి 'ఫిట్‌కరీ' అంటేనే తెలుస్తుంది, 'పటిక' అంటే తెలియదు. రెండు మాటలూ ఒకే చోటి నుంచి వచ్చాయి, సంస్కృతంలోని 'స్ఫటిక' నుంచి. క్షౌరశాలలో గడ్డం గీసిన తరువాత రుద్దే తెల్లటి రాయి, బురదనీళ్లను తేర్చడానికి తిప్పే రాయి ఇదే. రసాయనశాస్త్రంలో దీని పేరు పొటాషియం అల్యూమినియం సల్ఫేట్. ఒక్కో ఫార్ములాకు 12 నీటి అణువులు దీని స్ఫటికంలో భాగంగా ఉంటాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక. పటిక వేరు, పటికబెల్లం వేరు. పటికబెల్లం పంచదార స్ఫటికాలు, తింటాం. పటికను తినకూడదు. గిన్నెలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, పేర్లు కూడా దగ్గరగా ఉన్నాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో పటిక సీసా మీద పెద్ద అక్షరాలతో చీటీ అతికించి, వంటింటి అరలో కాకుండా వేరేచోట పెట్టండి.

చేసే విధానం చూద్దాం. అట్టముక్కను నక్షత్రంలానో చెట్టులానో కత్తిరించి దానిచుట్టూ ఊలు దారం దట్టంగా చుట్టించండి. దారం చుట్టడం నాలుగేళ్లవాళ్లు కూడా బాగా చేస్తారు. అరలీటరు నీటిని స్టీలు గిన్నెలో వేడిచేసి, 150 గ్రాముల పటిక పొడి వేసి, పూర్తిగా కరిగేదాకా కలపండి. ఇది మీ పని, పిల్లలు పొయ్యికి దూరంగా ఉండాలి. కొంచెం చల్లారాక వెడల్పు మూతి గాజుసీసాలో పోసి, దారం చుట్టిన నక్షత్రాన్ని ఒక పుల్లకు కట్టి, అడుగుకూ అంచులకూ తగలకుండా ద్రావణంలో వేలాడదీయండి. తెల్లారేసరికి దారమంతా మెరిసే స్ఫటికాలు పట్టి ఉంటాయి. ఒక్కో స్ఫటికాన్ని భూతద్దంలో చూస్తే రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించినట్లు ఎనిమిది ముఖాలు కనిపిస్తాయి.

ఉప్పుతో ఇలా ఎందుకు చేయకూడదు? చేయవచ్చు కానీ తెల్లారేసరికి దాదాపు ఏమీ కనిపించదు. 100 మిల్లీలీటర్ల నీటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. నీటిని మరిగించినా 39 గ్రాములే. కాబట్టి చల్లారినప్పుడు బయటికి వచ్చేది మూడు గ్రాములు. పటిక సంగతి వేరు. 20 డిగ్రీల దగ్గర 14 గ్రాములు కరిగితే, 50 డిగ్రీల దగ్గర దాదాపు 37 గ్రాములు కరుగుతుంది. మన అరలీటరు లెక్క వేయండి. 150 గ్రాములు వేశాం, 20 డిగ్రీలకు చల్లారితే నీటిలో నిలిచేది 70 గ్రాములు. మిగిలిన 80 గ్రాములు ఎక్కడో ఒకచోట గట్టిపడక తప్పదు. భిలాయిలో డిసెంబరు రాత్రి దానికంటే ఇంకా చల్లగానే ఉంటుంది. గరుకైన ఊలు పోగులు స్ఫటికాలు మొదలవడానికి చోటిస్తాయి. నున్నటి గాజు అంత సులువుగా ఇవ్వదు.

చాలామంది ఊలు లేకుండా ఇనుప తీగ ముంచుతారు. పటిక ద్రావణం ఆమ్లగుణం కలది కాబట్టి తీగ తుప్పుపట్టి స్ఫటికాలు గోధుమరంగుకు తిరుగుతాయి. తీగ కావాలంటే ప్లాస్టిక్ తొడుగు ఉన్నది వాడండి.

వీలైతే రెండు సీసాలు పెట్టండి. ఒకదాన్ని చన్నీళ్ల టబ్బులో ఉంచండి. రెండోదానికి పాత రగ్గు చుట్టి కదలకుండా మూలన పెట్టండి. పొద్దున్నే చిన్నవాళ్లతోనే విప్పించండి. త్వరగా చల్లారిన సీసాలో పంచదార పలుకుల్లా చిన్న చిన్న స్ఫటికాలు లెక్కలేనన్ని ఉంటాయి. నెమ్మదిగా చల్లారినదాంట్లో తక్కువ సంఖ్యలో, పెద్దవిగా, స్వచ్ఛంగా ఉంటాయి. వేగంగా చల్లారితే ఒకేసారి ఎన్నో చోట్ల స్ఫటికాలు మొదలై, ఉన్న పదార్థాన్ని అన్నీ పంచుకుంటాయి. నెమ్మదిగా అయితే కొన్నే మొదలై, అణువులు ఒక క్రమంలో వచ్చి చేరడానికి వ్యవధి దొరుకుతుంది.

ఇప్పుడు మీ నాన్నగారో తాతగారో పనిచేసిన కర్మాగారం వైపు చూడండి. దల్లీ-రాజహరా గనుల ఖనిజం నుంచి వచ్చిన ఇనుము ఉక్కుగా మారి, సుమారు 1500 డిగ్రీల దగ్గర ద్రవంగా, నీటితో చల్లబరిచే రాగి అచ్చులోకి దిగుతుంది. అచ్చు గోడకు తగిలిన పొర క్షణాల్లో గట్టిపడుతుంది. అక్కడ స్ఫటికాలు చాలా చిన్నవి. లోపలికి పోయేకొద్దీ అవి స్తంభాల్లా పొడుగ్గా పెరుగుతాయి. ఆ స్ఫటికాల పరిమాణాన్ని బట్టీ, తరువాత చల్లబరిచే వేగాన్ని బట్టీ ఉక్కు గట్టితనం మారుతుంది. భిలాయి రైలు పట్టాల మీద బరువైన బళ్లు ఏళ్ల తరబడి నడవాలంటే చల్లార్చే వేగం మీద అదుపు ఉండాలి. మీ రగ్గు చుట్టిన సీసాలోనూ, ఆ అచ్చులోనూ ప్రశ్న ఒకటే, ఎంత వేగంగా చల్లార్చాలి అని. లోహంలో స్ఫటికాలు కంటికి కనిపించవంటే నమ్మకండి. జింకు పూత వేసిన పాత బకెట్టు వెలుగులో తిప్పి చూడండి. మంచు ఆకుల్లాంటి మచ్చలు కనిపిస్తాయి. ఒక్కో మచ్చ ఒక జింకు స్ఫటికం.

ఉప్పుముద్ద బొమ్మలు, పసుపు కాగితం

రెండు గిన్నెల మైదా, ఒక గిన్నె మెత్తటి ఉప్పు, ఒక గిన్నె కంటే కొంచెం తక్కువ నీళ్లు. చపాతీ పిండిలా కలిపి, అరసెంటీమీటరు మందంగా వత్తి, డబ్బా మూతలతో బిళ్లలు కోయించండి. తడిగా ఉన్నప్పుడే స్ట్రాతో కన్నం పొడిపించాలి, ఎండిన తరువాత పొడిస్తే పగులుతుంది. మొదటి రోజు నీడలో, తరువాత మూడు నాలుగు రోజులు ఎండలో, రోజూ తిరగేస్తూ ఆరబెట్టాలి. నేరుగా ఎండలో పెడితే పైపొర ముందుగా ఎండి కుంచించుకుపోతుంది, లోపల ఇంకా తడి ఉంటుంది, అంచులు పైకి లేచి బీటలు పడతాయి. ఎండిన చెరువు అడుగున చూసే బీటలు కూడా ఇలా వచ్చినవే.

మామూలు పిండిముద్ద రెండు రోజుల్లో పులిసి బూజుపడుతుంది. ఉప్పు ఉన్నది పట్టదు. ఆవకాయ ఏడాదంతా నిలవడానికి గల కారణాల్లో ఇదొకటి. ఉప్పు సూక్ష్మజీవులకు నీరు అందకుండా చేస్తుంది. అయితే ఆ ఉప్పే గాలిలో సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దాటితే తేమను లాక్కుని చెమరుస్తుంది. భిలాయిలో డిసెంబరు పగలు పొడిగా ఉంటుంది కాబట్టి బొమ్మ రాయిలా గట్టిపడుతుంది. దాన్నే విశాఖలోనో కళింగపట్నంలోనో ఉన్న అమ్మమ్మగారికి పంపితే సముద్రపు గాలికి మెత్తబడే అవకాశం ఉంది. రాళ్ల ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కలిసి ఉంటుంది కనుక అది ఇంకా ముందే చెమర్చుతుంది. శుద్ధి చేసిన ఉప్పు వాడి, రెండువైపులా వార్నిషు పూసి పంపండి.

చూడటానికి బిస్కెట్‌లా ఉన్నా ఇది తినే వస్తువు కాదు. పచ్చి ముద్ద పెద్ద ముక్క మింగితే చిన్నపిల్లల రక్తంలో సోడియం ప్రమాదకరమైన స్థాయికి పెరుగుతుంది. పెంపుడు కుక్కలకు కూడా అంతే అపాయం. రెండేళ్ల పిల్లలున్న ఇంట్లో నేనైతే ఇది మొదలే పెట్టించను.

వాళ్లకు పసుపు కాగితం మేలు. నీళ్లలో కలిపిన పసుపును తెల్ల కాగితానికి పూసి ఆరనివ్వండి. బట్టల సబ్బు నీళ్లలో ముంచిన దూదిపుల్లతో దానిమీద గీస్తే ఎర్రటి గీతలు పడతాయి. హారతికి పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేయడం మీరు చూసే ఉంటారు, ఇదీ ఆ మార్పే. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపుపచ్చ అవుతుంది. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఆ కాగితాలను గంటలుగా, చేపలుగా కత్తిరించి నీడలో వేలాడదీయండి. ఎండలో పసుపు రంగు వెలిసిపోతుంది.

ఇక మీరు చేయనిది, కొనేది ఒకటుంది. నాణెం ఆకారపు బ్యాటరీతో మిణుకుమిణుకుమనే చిన్న దీపాలు. వీటి బ్యాటరీ మూతకు స్క్రూ లేకపోతే కొనకండి. చిన్నపిల్ల ఆ బ్యాటరీని మింగితే, అది అన్నవాహికలో ఇరుక్కుని, అక్కడి తడిలో విద్యుత్తు ప్రవహించి, గాఢమైన క్షారం తయారవుతుంది. రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. మింగిందన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా, తెల్లవారేదాకా ఆగకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పాతబడిన బ్యాటరీల్లో కూడా ఈ హాని చేసేంత శక్తి మిగిలి ఉంటుంది. పూసలు, థర్మోకోల్ గుళికలు మూడేళ్ల లోపు పిల్లలకు అందనివ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి.

పండుగ అయ్యాక వెదురు నక్షత్రం కాగితం చించేసి చట్రాన్ని అటక మీద పెట్టండి, వచ్చే ఏడాది కొత్త కాగితం వేసుకోవచ్చు. ఉప్పు బొమ్మలను గుప్పెడు పొడి బియ్యంతో కలిపి మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో దాచితే వానాకాలం గడుస్తుంది. పటిక నక్షత్రాలు భిలాయి వేసవిలో తమలోని నీటిని కొంచెం కొంచెంగా పోగొట్టుకుని పైన తెల్లటి పొడిలా మారవచ్చు. గోళ్ల రంగు పల్చగా పూస్తే ఆలస్యమవుతుంది. అయినా మారితే పారేయకండి. వేడినీళ్లలో వేసి కరిగించి, వడకట్టి, కొత్త ఊలు చుట్టిన నక్షత్రాన్ని మళ్లీ వేలాడదీయండి.